అట్టలు లేని పుస్తకాలు

1978 ఆగస్టు 7

తేదీలు మరిచిపోకుండా ఈ నోటుబుక్కు. మా ఇంటిది కుప్పమ్మ పుత్తూరు అంగట్లో తెచ్చింది.

జూలై 29న పడ్డాను. వాగు గట్టు మీద రాయి జారింది. ఉత్తరాల సంచి తడవలేదు. కుడి తొడ ఎముక విరిగింది. ఆగస్టు 1న పుత్తూరు పక్కన ఈ ఊళ్ళో ఎముకలు కూర్చే గోవిందస్వామి కట్టు కట్టాడు. ఆకు పసరు, కోడిగుడ్ల తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. తొడ విరిగినవాళ్ళకు బండి కుదుపు తగలకూడదని తన కొట్టంలోనే పడుకోబెట్టుకుంటాడు. ఇక్కడ ఎనిమిది నులక మంచాలు ఉన్నాయి. కుప్పమ్మ నాతోనే ఉంటూ ఆకు నూరే పని చేస్తోంది.

పోస్టాఫీసు నుంచి కాగితం వచ్చింది. జనవరి ఆఖరులోగా నడిచి పనిలో చేరకపోతే నా లైను ఇంకొకరికి ఇస్తారు. తొమ్మిది పల్లెలు, రోజుకు పదకొండు మైళ్ళు, పంతొమ్మిదేళ్ళు. ఇప్పుడు మా బావమరిది సంచి మోస్తున్నాడు.

నొప్పి తక్కువగానే ఉంది.

ఆగస్టు 9

నొప్పి తక్కువగానే ఉంది.

ఆగస్టు 12

పక్క మంచం చిన్నబ్బది. పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవాడు. భుజం విరిగి చెయ్యి ఎదకు కట్టించుకున్నాడు. కాళ్ళు బాగున్నాయి కాబట్టి రోజంతా ఈ ఊరంతా తిరుగుతాడు. ఈ రోజు నా మంచం మీద లావుపాటి కాగితాల కట్ట ఒకటి పడేశాడు.

“విసురుకో పోస్టన్నా. గాలి బాగా వస్తాది.”

పుస్తకం. అట్టలు లేవు. మొదట నాలుగు పుటలు లేవు, చివర ఎన్ని పోయాయో తెలియదు.

సంగతి ఇది. పిల్లల చేతులకు వెదురు బద్దలు గట్టిగా ఉంటాయని గోవిందస్వామి పాత పుస్తకాల అట్టలు వాడతాడు. చిత్తూరులో ఒక ప్లీడరు పోతే ఆయన ఇంట్లో పుస్తకాలు ఎవరికీ అక్కరలేక రెండు బండ్ల నిండా వేసి తెచ్చారట. అట్టలు చింపుకుంటారు. వాటితో పాటు మొదటి పుటలు, చివరి పుటలు ఊడిపోతాయి. లోపలిది వెనక గదిలో పడేస్తారు.

విసురుకున్నాను. తర్వాత చదివాను. బావి ఎక్కడ తవ్వాలో చెప్పే పుస్తకం. పుట్ట ఏ వైపు ఉంటే నీళ్ళు ఎంత లోతులో ఉంటాయో, రాయి మీద కొడితే ఏ మోత వస్తే కింద ఊట ఉందో. పంతొమ్మిదేళ్ళు అదే నేల మీద నడిచాను. కాళ్ళ కింద ఏముందో ఒక్కసారి కూడా అనుకోలేదు. రాసినవాడి పేరు తెలియదు. ఎక్కడివాడో తెలియదు.

ఆగస్టు 13

ఇంకొకటి తెచ్చిపెట్టమన్నాను.

“ఏది గావాల?”

“ఏదైనా.”

“ఆడ కొండంత ఉండాయన్నా. నాకు సదువు రాదు. లావుది తెచ్చేదా, సన్నదా?”

“రెండూ.”

ఆగస్టు 16

లావుది: జమీందారు ఇంటి ఆడపిల్ల కథ. పదకొండు సార్లు ఏడుస్తుంది. ఎక్కడా ఒక్క పని చేయదు. ఆఖరి దాకా చదివాను.

సన్నది: వంటలు. ఇద్దరికో నలుగురికో కాదు, వెయ్యి మందికి. పప్పు ఎన్ని బస్తాలు, ఉప్పు ఎప్పుడు, పొయ్యి ఎన్ని అడుగులు. వెయ్యిమంది ఆకలిని ఒక మనిషి కూర్చుని ముందుగానే ఆలోచించాడు. గట్టిగా చదివితే మంచాల మీద ఉన్నవాళ్ళంతా విన్నారు. ఎదురు మంచం శాంతయ్య ముసలివాడు. ఆయన మొహం తిప్పుకున్నాడు.

“ఆపు నాయనా. మధ్యాన్నం సంగటి తినాల్నా వద్దా నేను?”

ఆగస్టు 21

సముద్రం మీద పోయినవాడి పుస్తకం. రెండు పొద్దులు చిన్నబ్బకు చదివి వినిపించాను. నాకు చాలా గొప్పగా ఉంది. సముద్రం నేను చూడలేదు. చిన్నబ్బ మాత్రం ఆకు నములుతూ తల అడ్డంగా ఊపాడు.

“ఒడ్డున కూసోని రాసినాడన్నా వాడు. పడవలో ఉండేవోడికి నీళ్ళు నీలంగా ఉండాయా పచ్చగా ఉండాయా అని సూసే తీరిక యాడుంటాది?”

ఇంకా చదివాను. మంచు కమ్మిన తెల్లవారుజామున కొంగల గుంపు కనపడకముందే రెక్కల చప్పుడు తల మీదుగా పోయిందని ఒకచోట ఉంది. చిన్నబ్బ నమలడం ఆపాడు.

“అది మళ్ళా సదువు.”

చదివాను.

“ఈ ముక్క మాత్రం పడవలోనే రాసినాడు” అన్నాడు.

ఆగస్టు 25

దొంగతనం, ఖూనీ పుస్తకం. ముగ్గురి మీద అనుమానం. చివరి పుటలు లేవు. చిన్నబ్బ వెనక గదికి పోయి అడిగి వచ్చాడు. ఆ అట్ట కార్వేటినగరం పిల్ల మునిలక్ష్మి మణికట్టుకు కట్టారట. కడపటి పుట దానికే అంటుకుని ఉందట. పిల్ల ఇంటికి పోయింది. పదిహేను రోజులకు వస్తుంది.

కొట్టమంతా పందెం. శాంతయ్య వంటవాడే చంపాడంటాడు. చిన్నబ్బ అందరూ కలిసి చంపారంటాడు.

ఆగస్టు 30

ఇది పూర్తిగా రాయాలి.

ఈ రోజు వచ్చిన పుస్తకంలో మనిషి ఎముకల బొమ్మలు ఉన్నాయి. రెండు వందల ఆరు అట. నా లోపల రెండు వందల ఆరు ఉన్నాయని నలభై ఒక్క ఏళ్ళకు తెలిసింది. తొడ ఎముక బొమ్మ ఒక పుటంతా ఉంది. నా ఎముక అలా ఉంటుందా అని చాలాసేపు చూశాను. పై కొన బంతిలా, ఒక పక్కకు వంగి. పొద్దున గోవిందస్వామి కట్టు చూడటానికి వచ్చినప్పుడు చూపించాను. ఆయనకు చదువు రాదు. వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్న పని. ఎముకను బయట ఎప్పుడూ చూడలేదట, చర్మం మీద నుంచి తడమడమే.

చేతులు పంచెకు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. బొమ్మ చూడలేదు. కళ్ళు మూసుకుని బొమ్మ మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి నడిపాడు, కాగితం కింద ఎముక ఉన్నట్టు. తర్వాత కళ్ళు తెరిచి చూశాడు.

“ఇది ఎడమ కాలిది. వెనక నుంచి గీసినారు.”

బొమ్మ కింద చిన్న అక్షరాలు ఉన్నాయి. నేను అంతకుముందు చదవలేదు. ఎడమ తొడ ఎముక, వెనుక వైపు అని ఉంది.

చదివి వినిపించాను. ఆయన ఆశ్చర్యపోలేదు. “గీసినాయన బాగా గీసినాడు” అని పుస్తకం తిరిగి ఇచ్చి పక్క మంచానికి పోయాడు.

పుస్తకం గొప్పదా, ఆయన గొప్పవాడా తేల్చుకోలేకపోయాను.

సెప్టెంబరు 3

పద్యాలు. మూడింట ఒకటి అర్థమైంది. అర్థం కానివి గట్టిగా చదివాను. ఆకు నూరుతున్న కుప్పమ్మ రాయి ఆపింది.

“ఏంది మామా అది?”

“తెలీదే.”

“తెలీకుండానే ఇట్లుంటే తెలిస్తే ఎట్లుంటాదో. మళ్ళా సదువు.”

సెప్టెంబరు 8

మునిలక్ష్మి వచ్చింది. కట్టు విప్పేటప్పుడు అందరూ చుట్టూ చేరారు. నన్ను మంచంతో సహా మోసుకుపోయారు. పిల్ల భయపడి ఏడ్చింది. తన చెయ్యి చూడటానికి కాదు, దాని మీది కాగితం చూడటానికి వచ్చామని తెలిశాక కోపంతో ఏడ్చింది. కాగితం పసరుకు నల్లబడిపోయింది. ‘తలుపు’ అనే మాట ఒక్కటే మిగిలింది. చెయ్యి చక్కగా అతుక్కుంది.

సెప్టెంబరు 11

చిన్నబ్బ ఊరికి పోయాడు. పోయేముందు నాలుగు పుస్తకాలు మంచం మీద పెట్టాడు. “ఇవి అయిపోయేలోపల నువ్వే లేసి తెచ్చుకుంటావులే” అన్నాడు.

సెప్టెంబరు 13

మూడు పక్కన పెట్టి నాలుగోదే చదువుతున్నాను. పడవ నడిపే ఇంటివాళ్ళ కథ. అన్నం తినేటప్పుడు కూడా చదువుతున్నాను. ఆ ఇంటి కోడలు పంకజాక్షి మాటకు మాట చెప్పే రకం. వరద వచ్చింది. మగవాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. ఆమె బిడ్డనూ మేకనూ తీసుకుని ఇంటి కప్పు ఎక్కింది. నీళ్ళు చూరును తాకాయి. ‘మొదటి భాగము సమాప్తము.’

రెండో భాగం వెనక గదిలో ఉండాలి. అదే కొలత, అదే రంగు దారం. కుప్పమ్మ ఆవును చూడటానికి ఊరికి పోయింది. ఎల్లుండి వస్తుంది.

సెప్టెంబరు 14

ఏమీ చదవలేదు. ఏమీ జరగలేదు.

సెప్టెంబరు 15

నొప్పి తక్కువగానే ఉంది. కుప్పమ్మ వచ్చింది. మొహం అట్లుందేమని అడిగింది. ఉక్కపోత అన్నాను.

సెప్టెంబరు 17

ఏమీ జరగలేదని రాశాను. ఎవరూ చదవని నోటుబుక్కులో కూడా అట్లా రాశాను.

పద్నాలుగో తేదీ మధ్యాహ్నం కొట్టంలో అందరూ నిద్రపోతున్నారు. ఆరు వారాలు అయింది కదా, ఎముక కూడే ఉంటుందనుకున్నాను. వెనక గది ఇరవై అడుగులు ఉంటుంది. గోడ పట్టుకుని కాలు కింద పెట్టాను. మూడో అడుగులో లోపల ఏదో జరిగింది. చప్పుడు రాలేదు. పాకుతూ వచ్చి మంచం ఎక్కాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఎవరూ చూడలేదు.

ఎల్లుండి గోవిందస్వామి కట్టు మారుస్తాడు.

సెప్టెంబరు 19

కట్టు విప్పాడు. కళ్ళు మూసుకుని తొడ మీద వేళ్ళు నడిపాడు. ఒకచోట ఆగాయి.

“కాలు కింద పెట్టినావు.”

“లేదు సామీ.”

“పెట్టినావప్పా.”

కుప్పమ్మ నా వైపు చూసింది.

“యాంటికి పెట్టినావు మామా? నేను పక్కన లేకపోతే ఈళ్ళెవురూ పలకరా? నీళ్ళకా?”

“పుస్తకానికి.”

ఆమె అంది: “ఉత్తరాల సంచి తడిసిపోతాదని ఎముక ఇరగ్గొట్టుకుంటివి. ఇప్పుడు కాయితాల కోసరం మళ్ళా ఇరగ్గొట్టుకుంటివి. నీ ఒంట్లో రెండు నూర్ల ఎముకలుంటే సాలవు మామా నీకు.”

గోవిందస్వామి రెండు దారులు చెప్పాడు. ఇట్లాగే వదిలితే వంకరగా అతుక్కుంటుంది. రెండంగుళాలు పొట్టి. ఇంట్లో తిరగొచ్చు, పదకొండు మైళ్ళు మాత్రం నడవలేను. లేదా ఇంకా పచ్చిగా ఉంది కాబట్టి లాగి విడదీసి మళ్ళీ కూర్చాలి. మళ్ళీ మొదటి నుంచి. అది కూడా సరిగ్గా కుదురుతుందని మాట ఇవ్వనన్నాడు.

“ఒకటే సెప్తా. లాగేటప్పుడు అరిస్తే అరువు. అది తప్పు గాదు.”

లాగమన్నాను.

సెప్టెంబరు 20

అయింది.

అక్టోబరు 2

పుస్తకాలు వద్దన్నాను. కుప్పమ్మ కూడా తేలేదు.

పన్నెండు రోజులు కొట్టం కప్పు చూశాను. తాటాకు వరసలు నలభై ఆరు.

అక్టోబరు 5

మొన్న చెప్పకుండానే కుప్పమ్మ ఒక పుస్తకం తెచ్చి దిండు పక్కన పెట్టింది. “మంచం మీద ఉన్నట్టే సదువుకో. దిగినావంటే కాళ్ళు నేనే ఇరగ్గొడతా” అంది.

నిఘంటువు. ‘క’ నుంచి మొదలు. అంతకుముందువి ఎవరో బిడ్డ మోచేతి మీద ఉండాలి. ఎవరైనా ఇది చదువుతారా అనుకున్నాను. మూడు రోజులుగా అదే చదువుతున్నాను. ఒక్క ‘గ’లోనే నాకు తెలియని మాటలు వందలు. ఇవన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి నోటితో పలికి ఉంటారు. ఒక్క మనిషి కూర్చుని వాటిని వరసలో పెట్టాడు. ఉత్తరాలు పల్లె వారీగా సర్దడం నాకు అరగంట పని. నా పని నాకు చాలా చిన్నదిగా కనిపించింది. చిన్నతనంగా మాత్రం అనిపించలేదు.

అక్టోబరు 11

ప్లీడరుగారి చట్టం పుస్తకం. ఒకడి మామిడికొమ్మ ఇంకొకడి నేల మీదికి వంగితే కాయ ఎవరిది అని ఆరు పుటలు. అంత చిన్న విషయం మీద అంత పెద్ద మనుషులు అన్నేళ్ళు ఆలోచించారు. మా ఊళ్ళో దీని మీదే జయరావు తల పగిలింది. వాళ్ళకు ఈ ఆరు పుటలు ఉన్నాయని తెలియదు. నాకూ తెలియదు. ఆ పక్క ఇంటికీ ఈ పక్క ఇంటికీ రోజూ ఉత్తరాలు ఇచ్చినవాణ్ణి.

అక్టోబరు 19

చుక్కల పుస్తకం. సన్నది.

మనకు కనిపించే చుక్క వెలుతురు ఎప్పుడో బయలుదేరిందట. దారిలో వందల ఏళ్ళు. అది మన కంటికి చేరేసరికి ఆ చుక్క ఉండొచ్చు, ఆరిపోయి ఉండొచ్చు. వెలుతురు మాత్రం వస్తుంది.

అరవై అయిదులో, నా లైనులో ఉండే తిరుమలమ్మ కొడుకు పటాలంలో చనిపోయాడు. తంతి ముందు వచ్చింది. నాలుగు రోజుల తర్వాత వాడు రాసిన ఉత్తరం వచ్చింది. ఇవ్వాలా వద్దా అని ఆ ఊరి పొలిమేరలో కూర్చున్నాను. ఇచ్చాను. చదవమంది. చదివాను. క్షేమంగా ఉన్నానని, చలి ఎక్కువగా ఉందని రాశాడు. “బాగుండానని రాసినాడు కదా” అంది. ఉత్తరం మడిచి తీసుకుంది.

ఆ రోజు నాకు ఏమీ అర్థం కాలేదు. ఈ పుస్తకం రాసినవాడు పక్కన ఉంటే ఆమెకు చెప్పేవాడేమో. ఆమె అతనికి చెప్పేదేమో.

ఈ రోజు ఇంకేమీ చదవను.

అక్టోబరు 30

పంకజాక్షి రెండో భాగం కుప్పమ్మకు దొరికింది. నాలుగు రోజులు తెరవలేదు. ఈ రోజు తెరిచాను.

మొదటి వాక్యంలోనే పడవ వచ్చింది. బిడ్డ, మేక, ఆమె, అందరూ ఎక్కేశారు. రెండో పుట నుంచి ఆస్తి తగాదా.

మొదటి భాగమంత లేదు.

కుప్పమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

“మేక గూడా బతికిందా?”

“బతికింది.”

“నయమే. నీకంటే తెలివైంది, నిలబడిన తావనే నిలబడి ఉండాది.”

శాంతయ్య నవ్వి నవ్వి పక్కటెముకల కట్టు పట్టుకున్నాడు.

నవంబరు 6

వాన. పశువుల రోగాల పుస్తకం. గిట్టలు, నాలుక, పొదుగు. రాసినవాడు ఆవును ముట్టుకుని రాశాడు. ఇంటికి పోగానే మా ఆవు నాలుక చూడాలి.

నవంబరు 9

వాన. వ్యాకరణం. ఏమీ అర్థం కాలేదు. ఎవరికో అర్థమైందన్నదే వింత.

నవంబరు 15

కట్టు కింద దురద. పనిలో చేరగలనా అని పోస్టాఫీసు నుంచి మళ్ళీ కాగితం. జవాబు రాయలేదు.

నవంబరు 24

బద్దలు తీశారు. నా కాలు నాది కానట్టుంది. సన్నగా, తెల్లగా, వెంట్రుకలు రాలిపోయి. గోవిందస్వామి వేళ్ళు పైనుంచి కిందికి ఎక్కడా ఆగకుండా పోయాయి.

“కూడింది. ఒక వేలంత పొట్టి. సెప్పులో తోలుముక్క ఏసుకుంటే ఎవురికీ తెలీదు.”

నడవగలనా అని అడిగాను.

“ఏమీ పట్టుకోకుండా నూరు లెక్కపెట్టేదాకా నిలబడు. నిలబడితే ఇంటికి పో, నెల తిరిగేసరికి నీ సంచి నువ్వు మోస్తావు. నిలబడలేకపోతే, ఎముక కూడినా ఒళ్ళు ఒప్పుకోలేదని అర్థం. అట్ల కొందురు ఉంటారు. కర్ర ఇడవరు.”

నిలబడ్డాను. నలభై దగ్గర కాలు వణికింది. లోపల మళ్ళీ అదే జరుగుతుందేమోనని మంచం పట్టుకున్నాను.

నవంబరు 25

నలభై మూడు.

నవంబరు 26

ఇరవై తొమ్మిది.

కర్రతో అయితే కొట్టమంతా తిరుగుతున్నాను. కర్ర వదిలి నిలబడితేనే భయం. అంకె పెరిగేకొద్దీ ఆ మూడో అడుగు గుర్తొస్తుంది.

“కాలు బాగుండాది. నువ్వే దాన్ని నమ్మలే” అన్నాడు గోవిందస్వామి. కోపంగా అనలేదు.

పోస్టాఫీసుకు జవాబు మొదలుపెట్టాను. ‘అయ్యా, నా కాలు’ దాకా రాశాను.

నవంబరు 27

ముప్ఫై ఆరు. జవాబు పూర్తి చేశాను. నా చేత కాదని, లైను మా బావమరిదికే ఇవ్వమని. రేపు కుప్పమ్మ చేత పుత్తూరులో డబ్బాలో వేయించాలి.

నవంబరు 28

పొద్దున లెక్కపెట్టలేదు. బుద్ధి పుట్టలేదు. కర్ర తీసుకుని వెనక గదికి పోయాను. మూడున్నర నెలలుగా ఎవరో ఒకరు నాకు తెచ్చి ఇస్తున్న చోటు ఎట్లుంటుందో చూడకుండా ఇంటికి పోవడం బాగుండదనిపించింది.

తలుపు తీశాను.

చిన్నబ్బ కొండంత అంటే మాటవరసకు అన్నాడనుకున్నాను. నేల నుంచి దూలం దాకా ఉన్నాయి. మూడు గోడల వెంబడి. కూలి, ఒకదాని మీద ఒకటి పడి, దారాలు వేలాడుతూ. పై వరసకు వాన కారి ఉబ్బిపోయింది. ఒక్కదానికీ అట్ట లేదు. ఎవరు రాశారో, దేని పేరేమిటో చెప్పేది ఒక్కటీ లేదు. నేను చదివినవి ఇరవై రెండు. వాటితోనే నా తల నిండిపోయిందనుకున్నాను. ఈ గదిలో గుమ్మం పక్కన ఇరవై రెండు తీస్తే లోటు కనపడదు. ఇది ఒక్క మనిషి ఇంటివి. చిత్తూరులో ఒక్క ప్లీడరువి.

ఎంతసేపు చూశానో తెలియదు. తర్వాత చేతికి అందినది ఒకటి లాగాను. పద్దెనిమిదో పుటతో మొదలవుతుంది. ఉప్పు పండించడం గురించి. సముద్రం నీళ్ళు మడిలోకి వదిలి, ఎండకు ఒక మడి నుంచి ఇంకొక మడికి మార్చుకుంటూ పోతారు. మూడో మడిలో నీళ్ళు ఎర్రబడతాయి. అప్పుడు తొందరపడి కదిలిస్తే పోయింది. కదిలించకుండా ఉంటే ఒక తెల్లవారికి నీళ్ళ మీద సన్నటి రేకు కడుతుంది. అది బరువెక్కి తనంతట తానే కిందికి దిగుతుంది. రోజూ తింటున్నాను. ఇట్లా వస్తుందని ఎవరూ చెప్పలేదు.

కుప్పమ్మ గొంతు వినపడింది.

“మామా! మంచం మీద లేవు, కొట్టంలో లేవు, యాడ పోయినావు?”

“ఈడుండా.”

గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. నన్ను చూసింది. నా చేతుల్లో పుస్తకం, రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను. గోడకు ఆనుకోలేదు. చుట్టూ పట్టుకోవడానికి ఏమీ లేదు.

“కర్ర తలుపుకాడ ఉండాది” అంది మెల్లగా. “ఎంతసేపాయె నువ్వు అట్ల నిలబడి?”

పుట చూశాను. పద్దెనిమిదిలో మొదలుపెట్టినవాణ్ణి ముప్ఫై ఒకటో పుటలో ఉన్నాను.

ఆమె కొంగులో నుంచి పోస్టాఫీసుకు రాసిన కవరు తీసి నా వైపు చాచింది. తీసుకుని, చదువుతున్న పుట దగ్గర గుర్తుగా పెట్టుకున్నాను.

ఉప్పు పుస్తకం చాలా బాగుంది. ఇంకా సగం ఉంది.